పురుగు పీల్చే గాలి చూస్తున్నాం, మనం పీల్చే గాలి ఎవరు చూడాలె?



చాకీ పురుగుకు ఎంత వేడి కావాలని మన గ్రూపులో ఎవరిని అడిగినా ఠక్కున చెప్తారు. 26 నుంచి 28 డిగ్రీలు, తేమ 80 నుంచి 90 శాతం. ఐదో దశలో అయితే 24 డిగ్రీల చుట్టూ, తేమ 70 శాతం చుట్టూ. గోడకు థర్మామీటర్ ఉంటుంది, కిటికీలకు ఊజీ ఈగ రాకుండా జాలీ ఉంటుంది, గడప దగ్గర కాళ్లు కడుక్కోవడానికి మందునీళ్లు ఉంటాయి. అదే షెడ్డులో పొద్దుగాల నుంచి రాత్రి దాకా నిలబడే మనిషికి ఏ గాలి మంచిది, ఏ ఘాటు వస్తే పని వదిలేసి బయటికి రావాలె అని అడిగితే మాత్రం జవాబు ఒక్కటే వస్తుంది: "అలవాటైపోయింది."

ఈ వారం ఏఐ గురించి రాయమని చాలామంది అడిగారు. ఏఐ వస్తే పురుగు రోగం ఫోటోతో తెలుస్తుందంట, తేమ తనంతట తానే సరిచేస్తుందంట అని. అవి నిజమే, వాటి మీద పనులు నడుస్తున్నాయి. కానీ ఈసారి పురుగును కాసేపు పక్కన పెడదాం. ఆ ఏఐ మన ఊపిరితిత్తులకు, మన కళ్లకు, మన చర్మానికి ఏమైనా పనికొస్తుందా అన్నదే ఈ సంచిక విషయం.

ప్రపంచంలో దీని మీద చర్చ గట్టిగానే ఉంది. ప్రతి ఏప్రిల్ 28న పని చోట భద్రత, ఆరోగ్యం దినం జరుపుతారు. 2025లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆ దినానికి పెట్టుకున్న విషయమే ఏఐ, డిజిటల్ పద్ధతులు. పనివల్ల వచ్చే ప్రమాదాలతో, జబ్బులతో ఏటా దాదాపు 30 లక్షల మంది చనిపోతున్నారని ఆ సంస్థ లెక్క. ఫ్యాక్టరీల్లో హెల్మెట్ పెట్టుకోని వాడిని పట్టే కెమెరాలు, బరువు పనులు చేసే రోబోలు, ఒంటి వేడి చూసే చేతి పట్టీలు వస్తున్నాయి. వీటితోనే పనివాడి మీద నిఘా, ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉందని కూడా అదే సంస్థ హెచ్చరించింది.

మన దగ్గర లెక్క వేరు. ధర్మాబాద్, బిలోలి, దేగ్లూర్, కిన్వట్ వైపు మన షెడ్డుల్లో యజమానీ మనమే, కూలీ మనమే. మహా అయితే ఇద్దరు కైకిలోళ్లు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పని భద్రత కోడ్ కూడా ప్రధానంగా పదిమంది, అంతకు మించి పనిచేసే చోట్లకే. మన షెడ్డుకు ఇన్‌స్పెక్టర్ రాడు. వచ్చేది జేబులో ఉన్న ఫోన్ ఒక్కటే. కాబట్టి దానితో ఏం అవుతుంది, ఏం కాదు అన్నది మనమే తేల్చుకోవాలె.

షెడ్డు కడిగే రోజు

పంటకు పంటకు మధ్య షెడ్డు శుద్ధి చేసే రెండు మూడు రోజులే మనకు అన్నిటికంటే చెడ్డ రోజులు. పురుగు లేదు గదా అని ధైర్యంగా ఉంటాం. ఘాటు మొత్తం పీల్చేది మాత్రం అప్పుడే.

మనం వాడేవి మూడు నాలుగే. బ్లీచింగ్ పౌడర్, అది 2 శాతం, దాంట్లో 0.3 శాతం సున్నం అని మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ సిఫారసు. ఫార్మాలిన్. క్లోరిన్ డయాక్సైడ్ మందులు. ఇక సున్నం. ఒక్కొక్కదాని గుణం ఒక్కోటి.

ఫార్మాలిన్ సంగతి ముందు చెప్పాలె. దానిలో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే మొదటి వర్గంలో చేర్చింది. గదిలో గాలికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఒక ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము, అదీ అరగంట సగటు. చాలామందికి వాసన తెలిసేసరికే ఆ హద్దు దాటి ఉంటుంది. అంటే "వాసన రాలేదు, పర్లేదు" అనే మాటకు అర్థం లేదు. పైగా ఫార్మాలిన్ పనిచేయాలంటే షెడ్డు గట్టిగా మూసి ఉండాలె, లోపల వేడి 25 డిగ్రీలు దాటి ఉండాలె. మన వైపు షేడ్‌నెట్ గోడల షెడ్డుల్లో అది పురుగు రోగానికీ సరిగ్గా పనిచేయదు, మనిషికి మాత్రం తగులుతుంది. గాలి నిలవని షెడ్డులో ఫార్మాలిన్ కొట్టడం నా దృష్టిలో డబ్బూ ఆరోగ్యమూ రెండూ పోగొట్టుకోవడమే. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలు ఆ రోజు ఆ దరిదాపుల్లో ఉండొద్దు.

బ్లీచింగ్ పౌడర్ అయితే క్యాన్సర్ భయం కాదు, ఊపిరి పట్టేసే భయం. దీన్ని బాత్రూం కడిగే యాసిడ్‌తో గానీ ఫార్మాలిన్‌తో గానీ కలపొద్దు. యాసిడ్ తగిలితే క్లోరిన్ గాలి లేస్తుంది. యూరియా బస్తాల పక్కన దీని డబ్బా పెట్టొద్దు, రెండూ కలిస్తే పేలే పదార్థం తయారవుతుంది. మన ఇళ్లల్లో సామాను గది ఒక్కటే, దాంట్లో యూరియా, బ్లీచింగ్ పక్కపక్కనే. ఈ వ్యాసం చదివి ఒక్క పనే చేస్తా అంటే, లేచిపోయి ఆ రెండింటినీ వేరు చేయండి.

మాస్కు విషయంలో చాలామందికి పొరపాటు అభిప్రాయం ఉంది. కరోనా కాలంలో వచ్చిన ఎన్95 మాస్కు సున్నం దుమ్ముకు, పురుగు పడక దులిపేటప్పుడు లేచే పొట్టుకు బాగా పనిచేస్తుంది. ఫార్మాలిన్ ఆవిరిని, క్లోరిన్‌ను అది ఆపదు. వాటికి పక్కన డబ్బీలు ఉండే మాస్కు కావాలె. ఆ డబ్బీ కూడా ఏ గాలికి ఏది అని రాసి ఉంటుంది, చూసి కొనాలె. రుమాలు కట్టుకుంటే రెండింటికీ పనికిరాదు.

మరి ఇక్కడ ఏఐ ఏం చేస్తుంది? చాలామంది ఫోన్‌ను అడిగే ప్రశ్న: "బ్లీచింగ్ ఎంత కలపాలె?" ఈ ప్రశ్న అడగొద్దు. చాట్ ఏఐ లెక్క చూసి చెప్పదు, ఎక్కడో చదివిన మాటలను కూర్చి చెప్తుంది. ఒకే ప్రశ్నకు ఇవ్వాళ ఒకటి, రేపు ఇంకోటి చెప్పొచ్చు. చుక్క ఒక అంకె పక్కకు జరిగితే 0.3 కాస్తా 3 అవుతుంది. అది చెప్పే తీరు మాత్రం ఎప్పుడూ అంతే నమ్మకంగా ఉంటుంది. మోతాదు అంటే సీసా మీద ఉన్నది, రేషీం కార్యాలయం ఇచ్చిన కాగితం మీద ఉన్నది. అంతే.

దానికి బదులు ఇట్ల అడగండి, వాయిస్‌లోనే: "రేపు నేను పట్టుపురుగుల షెడ్డు బ్లీచింగ్ పౌడర్‌తో కడుగుతున్నా. మొదలుపెట్టక ముందు నేను ఏమేం చూసుకోవాలో ఒక్కొక్కటిగా నన్నే అడుగు. నేను జవాబు చెప్పినాకనే తర్వాతది అడుగు."

అప్పుడు అది అడగడం మొదలుపెడుతుంది. కళ్లద్దాలు ఉన్నాయా? గాలి ఎటు వీస్తోంది? కరెంటు మెయిన్ ఆపారా? ఒక్కరే ఉన్నారా, తోడు ఎవరైనా ఉన్నారా? కళ్లు కడుక్కోవడానికి మంచినీళ్ల బకెట్ ఎక్కడ పెట్టారు? ఇవన్నీ మనకు తెలిసినవే. కానీ పొద్దుగాల తొందరలో గుర్తుకు రావు. విమానం లేవక ముందు పైలట్‌కు ఎంత అనుభవం ఉన్నా కాగితం చదివి టిక్ పెట్టుకుంటాడు. ఏఐని జవాబులు చెప్పే పెద్దమనిషిగా కాదు, మర్చిపోయినవి గుర్తుచేసే మనిషిగా వాడుకోవాలె. తప్పు ప్రశ్న అడిగితే నవ్వుకుని వదిలేస్తాం, తప్పు జవాబు చెప్తే దవాఖానకు పోతాం.

సున్నం చల్లార్చేటప్పుడు ఒక మాట. సున్నపు రాళ్ల మీద నీళ్లు ఒక్కసారి పోస్తే ఉడుకుతూ చిమ్ముతుంది. నీళ్లలో సున్నం కొద్దికొద్దిగా వేయాలె. కంట్లో పడితే ఫోన్ తీసుకుని ఏఐని అడుగుతూ కూర్చోవద్దు. ముందు పదిహేను ఇరవై నిమిషాలు నీళ్లతో కడగాలె, తర్వాత దవాఖాన.

సీసా మీద చీమంత అక్షరాలు

మనోళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కాగితం మరాఠీలో రాస్తారు, దుకాణంల బేరం హిందీలో చేస్తారు. మందు సీసా మీద మాత్రం తెలుగు ఉండదు. ఇంగ్లిష్, హిందీ చీమంత అక్షరాల్లో. ఇక్కడ ఏఐ నిజంగా పనికొస్తుంది. ఫోటో తీసి తెలుగులో చదివించుకోవచ్చు. గూగుల్ లెన్స్ ఆ పని చేస్తుంది. జెమిని యాప్ 2024 జూన్ నుంచే తెలుగు, మరాఠీతో కలిపి తొమ్మిది మన భాషల్లో ఉంది. చదవడం రాని అమ్మ కూడా మాట్లాడి అడగొచ్చు.

అడిగే పద్ధతి మాత్రం ఇది: "ఈ సీసా మీద ఏం రాసి ఉందో ఉన్నది ఉన్నట్టు తెలుగులో చదువు. నీ దగ్గర నుంచి ఏమీ కలపకు. కనబడని అక్షరం ఉంటే కనబడలేదని చెప్పు." ఈ చివరి మాట ముఖ్యం. చెప్పకపోతే అది కనబడని దాన్ని ఊహించి నింపేస్తుంది.

దానికంటే ముందు చూడాల్సింది సీసా మీద ఉన్న రంగు. ఎరుపు ఉంటే అత్యంత విషం, పసుపు చాలా విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ. ఇది చదవడానికి ఏ యాప్ అక్కర్లేదు.

ఇప్పుడు ఒక నిర్దిష్టమైన హెచ్చరిక. మల్బరీలో ఆకుచుట్టు పురుగుకు, టుక్రాకు పాత పుస్తకాల్లో, పాత కరపత్రాల్లో డైక్లోర్‌వాస్ కొట్టమని ఉంటుంది. మన దుకాణాల్లో నువాన్ అనేవాళ్లు. 2018లో కేంద్ర ప్రభుత్వం 18 పురుగుమందులను నిషేధించింది. వాటిలో డైక్లోర్‌వాస్‌కు గడువు 2020 డిసెంబర్ 31తో ముగిసింది. అయినా ఇంటర్నెట్ నిండా పాత సలహాలే ఉన్నాయి, ఏఐ నేర్చుకున్నది వాటినుంచే. కాబట్టి మల్బరీ పురుగు గురించి అడిగితే ఈ మందు పేరు ఇప్పటికీ చెప్పే ప్రమాదం ఉంది. ఏ మందు పేరు చెప్పినా "ఇది మన దేశంలో ఇప్పుడు అమలులో ఉందా?" అని ఫోన్‌ను కాదు, కృషి సహాయక్‌ను అడగండి. లేదంటే కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కి ఫోన్ చేయండి. అక్కడ తెలుగు మాట్లాడే మనిషి ఉంటారు.

ఫోటో తీస్తే పురుగును గుర్తుపట్టే ప్రభుత్వ వ్యవస్థ కూడా 2024 ఆగస్టు 15న మొదలైంది, జాతీయ తెగుళ్ల నిఘా వ్యవస్థ అని. దాన్ని భద్రత కోణంలోనూ చూడాలె. పురుగు ఏదో తెలియక గుడ్డిగా మూడు మందులు కలిపి కొట్టే అలవాటు తగ్గితే, విషం పీల్చేదీ తగ్గుతుంది. మల్బరీ రైతు ఎట్లాగూ మందు తక్కువే కొడతాడు, కొడితే పురుగే చస్తుంది గదా. మనకు ఎక్కువ తగిలేది పక్క చేను మందు. పక్కన పత్తి, సోయాబీన్, పసుపు, అర్ధాపూర్ వైపు అయితే అరటి. గాలికి కొట్టుకొచ్చిన మందు ఆకు మీద పడితే మూడో రోజు పురుగు వాంతులు చేసుకుంటుంది, అది మనం చూస్తాం. ఆ ఆకు కోసిన అక్క చేతులకు, కళ్లకు ఏమైందో ఎవరం రాసుకోం.

పైన్‌గంగ అవతల జరిగింది

2017 వానాకాలంలో యవత్మాళ్ జిల్లాలో జరిగింది మర్చిపోకూడదు. మన కిన్వట్, మాహూర్‌కు పైన్‌గంగ అవతలి గట్టే. పత్తికి మందు కొడుతూ ఇరవైమందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందలమంది దవాఖానల్లో చేరారు, కొందరికి చూపు దెబ్బతింది. ఆ ఏడు పత్తి తల దాటి పెరిగింది. పైకి ఎత్తి కొడితే మందు ముఖం మీదే పడింది. పవర్ పంపులు, ఉక్కపోత, ఒంటిమీద చొక్కా తప్ప ఏమీ లేకపోవడం, రెండు మూడు మందులు కలపడం, అన్నీ ఒక్కసారి కలిసొచ్చాయి. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందం వేసింది.

అసలు చిక్కు దవాఖాన గడప దగ్గర మొదలవుతుంది. డాక్టర్ "ఏ మందు కొట్టావు?" అని అడిగితే తెలివిలో లేని మనిషి ఏం చెప్తాడు? ఏ మందు ఏ మందుతో కలిసిందో తెలియకుండా విరుగుడు ఇవ్వడం కష్టం. అందుకే మనం గ్రూపులో ఒక అలవాటు పెట్టుకుందాం. చేనులో గానీ షెడ్డులో గానీ మందు వాడే రోజు, మూత తీయక ముందు సీసా ముందు వైపు, వెనుక వైపు రెండు ఫోటోలు తీసి ఇంట్లో ఇంకొకరికి పంపాలె. దీనికి ఏఐ అక్కర్లేదు, సాదా కెమెరా చాలు. ఏదైనా జరిగితే 108కి ఫోన్, చేతిలో ఆ ఫోటో, వీలైతే ఆ సీసా కూడా. విషం తగిలినప్పుడు ఏఐతో వైద్యం చేయించుకునే ఆలోచన అసలే వద్దు.

చలికాలం కుంపటి

డిసెంబర్, జనవరిలో మన వైపు రాత్రి పది డిగ్రీల దాకా దిగుతుంది. చాకీకి 27 కావాలె. కుంపటిలో బొగ్గు వేసి, షీట్లు దించి, మూలలు మూసి, పురుగుకు కాపలాగా పక్కనే పడుకుంటాం. ఇది మన పనిలో అన్నిటికంటే నిశ్శబ్దమైన ప్రమాదం. బొగ్గు సగం కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చునే చోట ఇది రెండువందల రెట్లకు మించిన పట్టుతో కూర్చుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం. ఒక్కరికి కాదు, గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికీ ఒకేసారి తల నొస్తోందంటే అది జలుబు కాదు. తలుపు తెరిచి బయటికి రావాలె. నిద్రలో అయితే తలనొప్పి తెలియను కూడా తెలియదు.

ఈ మధ్య స్మార్ట్ షెడ్డు పేరుతో అమ్మేవాళ్లు వస్తున్నారు. వేడి, తేమ కొలిచే సెన్సార్లు, ఫోన్‌కు కబురు, ఫ్యాన్ ఫాగర్ తమంతట తామే తిరగడం. మంచివే. (ఫ్యాన్ స్విచ్‌కు కూడా ఇప్పుడు ఏఐ అని స్టిక్కర్ వేస్తున్నారు, అది వేరే సంగతి. 28 దాటితే ఫ్యాన్ వేయడానికి తెలివి అక్కర్లేదు, రిలే చాలు.) కానీ అమ్మేవాణ్ణి ఒక్క మాట అడగండి: "ఈ డబ్బా కార్బన్ మోనాక్సైడ్ చెప్తుందా?" చాలావాటిలో ఆ సెన్సార్ ఉండదు. గాలి నాణ్యత చూపిస్తుంది అని చెప్పే చౌక సెన్సార్లు అమోనియా, పొగ, స్పిరిట్ అన్నిటికీ ఒకే తీరున కదులుతాయి. ఏదో ఉందని చెప్తాయి, ఏముందో చెప్పలేవు. ఇళ్లకోసం తయారైన కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరుగా ఆన్‌లైన్లో దొరుకుతుంది. బ్యాటరీతో నడిచేది, గట్టిగా మోగేది కొనండి. నెట్‌వర్క్ ఉంటేనే మోగేది మన ఊళ్లకు పనికిరాదు. వీలైతే కుంపటి మానేసి థర్మోస్టాట్ ఉన్న కరెంటు హీటర్ పెట్టండి. అది కుదరకపోతే మంట షెడ్డు బయట, వేడి మాత్రం గొట్టంతో లోపలికి.

తనంతట తానే తిరిగేవాటితో ఇంకో ప్రమాదం కొత్తగా వస్తోంది. మనం స్విచ్ వేస్తే తిరిగే ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతుందో మనకు తెలుసు. సెన్సార్ చెప్తే తిరిగే ఫ్యాన్‌కు మన చేయి అక్కడ ఉందని తెలియదు. ఫాగర్ నాజిల్ శుభ్రం చేస్తుంటే, తేమ తగ్గిందని మోటార్ ఒక్కసారి లేస్తుంది. తడి నేల, ఒట్టి కాళ్లు. కాబట్టి చేయి పెట్టక ముందు యాప్‌లో ఆపడం కాదు, గోడ మీద మెయిన్ ఆపాలె. షాక్ కొట్టగానే కరెంటు తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ట్రిప్ స్విచ్ పెట్టించండి, ఎర్తింగ్ చూపించండి. స్మార్ట్ డబ్బా కొనే డబ్బులో ముందు ఇది చేయించాలె అంటాను. ఇంకో చిన్న మాట: బ్లీచింగ్ కొట్టే ముందు సెన్సార్లు ఊడదీసి పక్కన పెట్టండి, ఆ ఘాటుకు తుప్పు పట్టి తర్వాత తప్పు లెక్కలు చూపిస్తాయి.

దగ్గు ఎప్పటి నుంచి?

పురుగు ఐదో దశలో ఉన్నప్పుడు, గూళ్లు దించేటప్పుడు తుమ్ములు, కళ్ల దురద, రాత్రి పిల్లికూతలు. పట్టుపురుగు పనివాళ్లకు వచ్చే ఆస్తమా గురించి వైద్య పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. పురుగు ఒంటి పొట్టు, ఎండిన పెంట, సీతాకోక రెక్కల పొడి దానికి కారణాలు. దీన్ని పట్టుకోవడానికి ఒక్కటే గుర్తు: పని ఉన్న రోజుల్లో ఎక్కువవుతుంది, పంటకు పంటకు మధ్య సెలవుల్లో తగ్గుతుంది. డాక్టర్ "ఎప్పటి నుంచి?" అంటే మనం "చాలా రోజులైంది" అంటాం. ఆ ఒక్క జవాబుతో అసలు గుర్తు పోతుంది. దగ్గు మందు ఇచ్చి పంపుతారు.

ఇక్కడ ఏఐ చేసే మేలు చిన్నదే, కానీ నిజమైనది. రోజూ రాత్రి అర నిమిషం ఫోన్‌లో చెప్పండి: ఇవ్వాళ ఏ పని చేశాను, దగ్గు ఉందా, నిద్ర పట్టిందా. నెల తర్వాత దాన్ని "తేదీల వారీగా పట్టిక చేసి, మరాఠీలో రాయి" అనండి. ఏ రోజు సున్నం చల్లాం, ఏ రోజు గూళ్లు దించాం, దగ్గు ఏ రోజు ఎక్కువ అన్నది ఒక్క కాగితం మీద వస్తుంది. విష్ణుపురిలో నాందేడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖాన ఓపీలో మన వంతు వచ్చేసరికి దొరికేవి కొన్ని నిమిషాలే. తెలుగులో మాట్లాడే ముసలవ్వ గోడు మరాఠీ డాక్టర్‌కు ఆ కాగితం చెప్తుంది. జబ్బు పేరు చెప్పమని మాత్రం ఫోన్‌ను అడగకండి. అది డాక్టర్ పని. ఆధార్, బ్యాంకు కాగితాల ఫోటోలు కూడా ఆ చాట్‌లో పెట్టొద్దు.

ఒక ఇబ్బంది ఉంది. చాలా ఇళ్లల్లో ఫోన్ ఆయన జేబులో ఉంటుంది, గొంతు మంట ఆమెకు ఉంటుంది. ఆకు కోసేది, పడక మార్చేది, సున్నం చల్లేది ఎక్కువ ఆడవాళ్లే. రాత్రి అర నిమిషం ఆ ఫోన్ ఆమె చేతికి ఇవ్వకపోతే పైన చెప్పిందంతా ఉత్తదే. అన్నలు ఇది గట్టిగా పట్టించుకోవాలె.

ఎండ, పిడుగు

2025 వానాకాలం ముందు కేంద్ర వ్యవసాయ శాఖ ఏఐతో వేసిన రుతుపవనాల అంచనాను 13 రాష్ట్రాల్లో దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు ఫోన్ సందేశంగా పంపింది. వానలు నాలుగు వారాల ముందే చెప్పే ప్రయత్నం అది, విత్తనం కోసం. అదే దారిలో ఎండ కబురు మన ఊరి స్థాయికి వస్తే ఆకు కోత ఏ పూట పెట్టుకోవాలో ముందే తేల్చుకోవచ్చు. అది వచ్చేదాకా వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు చూడండి. నారింజ ఉన్న రోజు మధ్యాహ్నం ఆకు మోత వద్దు, కోత పొద్దుగాల ఎండ ఎక్కకముందే అయిపోవాలె. పిడుగుకు పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఉంది. మబ్బు పట్టినప్పుడు మల్బరీ తోటలో ఉన్నవాళ్లు ఒకసారి చూసుకోవాలె.

ఏం అడగాలె, ఎవరిని అడగాలె

మహారాష్ట్ర ప్రభుత్వం 2025 జూన్‌లో వ్యవసాయానికి ఏఐ విధానం ఆమోదించింది, 500 కోట్ల రూపాయలతో. అదే ఏడు మహావిస్తార్ అనే ఏఐ యాప్ కూడా వచ్చింది, ప్రధానంగా మరాఠీలో. పీఎం కిసాన్ సంగతులు చెప్పే కిసాన్ ఈ-మిత్ర తెలుగులోనూ ఉంది, కానీ అది డబ్బుల విషయం చెప్తుంది, ఊపిరి విషయం చెప్పదు. వీటిల్లో పంట ఉంది, ధర ఉంది, పురుగు ఉంది. పనిచేసే మనిషి భద్రత ఎక్కడో చివర ఉంది.

వచ్చేసారి జిల్లా రేషీం కార్యాలయం శిక్షణకు పోయినప్పుడు మూడు మాటలు అడుగుదాం. శుద్ధి మందులు ఇచ్చే కిట్‌లో డబ్బీల మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు కూడా పెట్టమని. మందుల కాగితం తెలుగులో కూడా ఇవ్వమని, అది చేతిలో ఉంటే ఫోన్ చెప్పేది సరైందా కాదా చూసుకోవచ్చు. స్మార్ట్ షెడ్డు పరికరాలకు సబ్సిడీ వస్తే కార్బన్ మోనాక్సైడ్ అలారం, ట్రిప్ స్విచ్ దాంట్లో ఉండాలని.

ఇంకొకటి, ఇది తెలియక నష్టపోయిన ఇళ్లు ఉన్నాయి. పాముకాటు, కరెంటు షాక్, పిడుగు, పురుగుమందు విషం లాంటి ప్రమాదంలో రైతు గానీ, ఆ రైతు ఇంట్లో మనిషి గానీ చనిపోతే గోపీనాథ్ ముండే రైతు ప్రమాద సహాయ పథకం కింద 2 లక్షల రూపాయలు వస్తాయి. కన్ను గానీ, చేయి కాలు గానీ పోయినా సాయం ఉంది. సాత్‌బారా, పోలీసు పంచనామా, పోస్టుమార్టం కాగితాలు జాగ్రత్తగా పెట్టుకుని తాలూకా వ్యవసాయ కార్యాలయంలో ఇవ్వాలె. అవతలి గట్టు బంధువులకు తెలంగాణ రైతు బీమా వేరే పథకం, రెండూ కలిపి గందరగోళ పడొద్దు.

షెడ్డు కడిగే ముందు ఫోన్ మిమ్మల్ని అడిగిన ప్రశ్నల్లో పనికొచ్చినవి ఉంటే వాయిస్ పంపండి. అందరివీ కలిపి తెలుగు, మరాఠీ రెండిట్లో ఒక కాగితం చేసి గ్రూపులో పెడతాం, ప్రింట్ తీసి షెడ్డు తలుపుకు అంటించుకోవచ్చు.